టీ-మోల్డింగ్ గాడి బిట్

ఇంట్లో తయారుచేసుకునే ఆర్కేడ్ వీడియో గేమ్ కేబినెట్ల అంచుల్లో టీ-మోల్డింగ్ దిగడానికి సన్నని గాడి తీసే రూటర్ బిట్ ఇది. టీ-మోల్డింగ్ అనేది అంచును కప్పే ప్లాస్టిక్ పట్టీ. దాని అడ్డుకోత ఇంగ్లీషు 'టీ' అక్షరంలా ఉంటుంది. వెడల్పు భాగం అంచు మీద కూర్చుంటే, ముళ్లున్న నాలుక గాడిలోకి దిగి పట్టేస్తుంది. గాడి సరిగ్గా కుదిరితే మేకులూ జిగురూ అక్కర్లేదు.

1980 నాటి పాక్-మాన్ సహా ఆనాటి అమెరికన్ గేమ్ పార్లర్ యంత్రాల్లో ఈ అంచు సర్వసాధారణం. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అంచులు దెబ్బ తగిలితే పొడిగా రాలిపోతాయి కాబట్టి ఈ కవచం అవసరమైంది. సొంతంగా కేబినెట్లు చేసుకునే అభిరుచి, పాత ఆర్కేడ్ గేములను కంప్యూటర్లో ఆడించే 'మేమ్' ఎమ్యులేటర్ వచ్చాక విస్తరించింది. మేమ్ పుట్టుకగా కొందరు ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా తొలి ప్రయోగాలు మొదలుపెట్టిన 1996 డిసెంబరును లెక్కిస్తారు. మేమ్ పేరుతో తొలి విడుదల వచ్చింది 1997 ఫిబ్రవరి 5న గనుక ఆ తేదీని తీసుకోవడమే సబబు. ఇలాంటి కేబినెట్ల తయారీ మీద జాన్ సెయింట్ క్లెయిర్ రాసిన 'ప్రాజెక్ట్ ఆర్కేడ్' పుస్తకం 2004లో వెలువడింది.

పన్ను మందం

బిట్ ఎంపికలో మిగతా అన్నిటికన్నా ముఖ్యం, గాడి వెడల్పును నిర్ణయించే పన్ను మందమే. దీని మీద అభిప్రాయాలు ఒకటి కావు. 1/16 అంగుళం (సుమారు 1.6 మి.మీ.) చాలని ఎక్కువమంది అంటారు. నాలుక దింపేటప్పుడు పలక చీలుతుందన్న భయంతో 5/64 అంగుళం (2 మి.మీ.), అరుదుగా 3/32 అంగుళం వాడేవారూ ఉన్నారు. ఎండీఎఫ్ మధ్యపొర పై పొరలకన్నా మెత్తన, ముళ్లు అక్కడ బాగా దిగుతాయి. అందుచేత దానికి 1/16 అంగుళమే మేలు. గట్టి ప్లైవుడ్‌కు 2 మి.మీ. వైపు మొగ్గడంలో న్యాయం ఉంది. ఏదైనా కొనబోయే పట్టీ నాలుకను బట్టే నిర్ణయించాలి. అదే చెక్క ముక్క మీద ఒక జానెడు గాడి తీసి, పట్టీని రబ్బరు సుత్తితో దింపి, చేత్తో లాగి చూడాలి. సులువుగా ఊడివస్తే గాడి వెడల్పయినట్టే.

ప్రత్యామ్నాయాలు అంతగా పనికిరావు. మామూలు రంపపు చక్రం కోత సుమారు 3 మి.మీ., బిస్కెట్ జాయినర్ కోత సుమారు 4 మి.మీ. ఉంటాయి. 1.6 మి.మీ. నిలువు బిట్ నాలుక దిగేంత లోతుకు వెళ్తే విరిగే ప్రమాదం ఉంది.

బేరింగ్, లోతు

స్లాట్ కట్టర్ అనే ఈ బిట్‌లో ఇరుసు, దానికి బిగించే పళ్ల చక్రం, చెక్క అంచును ఒరుసుకుంటూ నడిచే బేరింగ్ ఉంటాయి. లోతును బేరింగే నిర్ణయిస్తుంది. 47.6 మి.మీ. చక్రానికి 22.2 మి.మీ. బేరింగ్ వేస్తే 12.7 మి.మీ. గాడి, 28.6 మి.మీ. బేరింగ్ వేస్తే 9.5 మి.మీ. గాడి పడుతుంది. నాలుక సాధారణంగా 10 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది కనుక మొదటిదే నయం. అడుగున మిగిలే ఖాళీలో పొట్టు ఇముడుతుంది. 90 డిగ్రీల లోపలి మూలలో బేరింగ్ రెండు గోడలకూ తగిలి ఆగిపోతుంది. అక్కడ గాడి లోతు సుమారు 8 మి.మీ.కు తగ్గుతుంది, నాలుకను ఆ మేరకు కత్తిరించుకోవాలి. బయటి వంపుల్లో నాలుకకు 'వి' ఆకారపు కోతలు పెడితేనే పట్టీ వంగుతుంది.

గాడి ఎత్తు

గాడి నట్టనడుమ పడిందో లేదోనన్న అనుమానంతో పలకను తిప్పి రెండోవైపు నుంచి కూడా కోయడం తరచు కనిపించే పొరపాటు. నడుమ నుంచి 0.4 మి.మీ. పక్కకు జరిగినా, తిప్పి కోస్తే 1.6 మి.మీ. గాడి 2.4 మి.మీ. అవుతుంది, పట్టు పోతుంది. రెండు పక్క పలకలకూ రూటర్ పీట బయటి ముఖం మీదే ఆనాలి. 19 మి.మీ. పట్టీని 18 మి.మీ. పలకకు వేసేటప్పుడు గాడి నడిగీత బయటి ముఖం నుంచి 9.5 మి.మీ. దూరాన ఉండేలా చూసుకుంటే, కంటికి కనిపించే వైపు అంచు సమంగా కూర్చుని, మిగిలిన మిల్లీమీటరు లోపలికి పోతుంది. మన దగ్గర 18 మి.మీ. ప్లైవుడ్‌కు ఒకవైపు 1 మి.మీ. సన్‌మైకా అతికిస్తే మొత్తం మందం ఇంచుమించు 19 మి.మీ. అవుతుంది. అప్పుడు సన్‌మైకా అతికించాకే గాడి తీయాలి.

కాడ, వేగం

పావంగుళం (6.35 మి.మీ.), అరంగుళం (12.7 మి.మీ.) కాడలు వాడుకలో ఉన్నాయి. ఇంత వెడల్పు చక్రానికి అరంగుళానిదే స్థిరం. 6 మి.మీ. కాడను, రూటర్‌లో కాడను పట్టి ఉంచే పావంగుళం కోలెట్‌లో బిగించడం ప్రమాదకరం, తిరిగేటప్పుడు జారి ఎగిరిపోవచ్చు. వేగం నిమిషానికి 18,000 చుట్ల లోపు ఉంచడం మంచిదని సాధారణ సూచన. ఆ వేగంలోనే 47.6 మి.మీ. చక్రం అంచు సెకనుకు సుమారు 45 మీటర్లు తిరుగుతుంది. బయటి అంచు వెంట రూటర్‌ను అపసవ్యంగా నడపాలి. ఎదురుదిశలో పోతే బిట్ చెక్కను పట్టి లాగేస్తుంది. ఎండీఎఫ్ పొడి అతి సన్నన, అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది కాబట్టి మాస్కు తప్పనిసరి.

వెడల్పైన గాడిని ఫెవికాల్ వంటి తెల్ల జిగురుతో సరిచేయాలని చూస్తే ఫలితం ఉండదు, అది ప్లాస్టిక్‌కు అంటదు. గాడిలో ఎపాక్సీ వేయడం, లేదా నాలుకకు పలచని టేపు చుట్టి దింపడం కొంతవరకు పనిచేస్తాయి.