సంత దారి, నెట్ దారి

సంత రోజు తెల్లవారకముందే కావడి భుజానికెత్తుకుని కొండ దిగిన మన పెద్దలకు ఒక సంగతి బాగా తెలుసు. సరుకు ధర చాలాసార్లు సంతలో కాదు, సంతకు పోయే దారి మలుపులోనే తేలిపోయేది. షావుకారు మనుషులు అక్కడే కాపు కాసి చింతపండు, కొండచీపుర్లు దించుకునేవారు. దారి ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లదే. 1879లో రంప తిరుగుబాటు రేగడానికి కల్లు మీద వేసిన చిగురుపన్ను ఒక్కటే కారణం కాదు. అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చి మనవాళ్ల సొత్తు జప్తు చేయించిన మైదాన ప్రాంత వ్యాపారుల మీద కోపం కూడా అందులో ఉంది. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది కూడా ఈ షావుకార్ల పట్టు తప్పించడానికే.

2015లో ఇలాంటి తగాదాయే ఇంటర్నెట్ దారి మీద వచ్చింది. మనం డేటాకు డబ్బు కట్టాక ఏ సైటు చూసినా ఒకే ధర, ఒకే వేగం ఉండాలి, మధ్యలో ఉన్న టెలికాం కంపెనీ ఎవరి సరుకూ ఆపకూడదు. దీన్నే నెట్ న్యూట్రాలిటీ అంటున్నారు. 2003లో ఈ మాటను వాడుకలోకి తెచ్చింది అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ మొదలుపెట్టాయి. మొదట తీసుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. ఎంపిక చేసిన కొన్ని సైట్లు ఉచితం, మిగతా వాటికి డబ్బు. తర్వాత దాని పేరే ఫ్రీ బేసిక్స్ అయింది. ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. అందులో యాప్ కంపెనీయే ఎయిర్‌టెల్‌కు డబ్బు కడుతుంది, చూసేవాడికి డేటా ఖర్చు ఉండదు. చేరాలనుకున్న ఫ్లిప్‌కార్ట్ జనం కోపం చూసి వెనక్కి తగ్గింది.

పేదవాడికి ఉచితంగా ఇస్తామంటే వద్దనడం దేనికని మాలోనే కొందరు అడిగారు. అసలు లేనిదానికంటే కొంత నయం కదా అన్నారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ షావుకారు కూడా ముందు ఉప్పు, బట్ట ఇచ్చాకే పంట రాయించుకునేవాడు. మన పిల్లవాడొకడు తేనె, పసుపు అమ్మడానికి చిన్న సైటు పెట్టాడనుకోండి. పెద్ద కంపెనీ కొట్టు ఉచితంగా తెరుచుకుంటుంది, మనవాడి కొట్టు చూడాలంటే రీచార్జి కరిగిపోతుంది. కొనేవాడు ఎటు పోతాడు? టెలికాం కంపెనీకి ఎదురు కట్టే స్తోమత తేనె సీసాలు అమ్మేవాడికి ఎక్కడిది?

ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చి చెప్పింది: చూసే సైటును బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టకూడదు. తప్పితే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షలు జరిమానా. దాంతో ఫ్రీ బేసిక్స్ మన దేశంలో మూతపడింది. వేగం తగ్గించడం, అడ్డుకోవడం కూడా కూడదన్న సిఫార్సులను 2018 జూలైలో కేంద్రం ఆమోదించింది.

అయితే ఈ నిబంధనలు కట్టడి చేసింది దారి వేసే కంపెనీలనే. దారి చివర ఉన్న పెద్ద ఆన్‌లైన్ కొట్లు ఎవరి సరుకు పైన చూపాలో, ఎంత కమీషన్ కోయాలో వీటి పరిధిలోకి రాదు. పోతే, అసలు దారే పడని ఊళ్లు మనవి. కొండమీది కొన్ని గూడేల్లో పసుపు ఫోటో ఒకటి పంపాలంటే ఇప్పటికీ సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కాల్సిందే.