బైపోలార్ ఉన్న ఇంట్లో: భార్యాభర్తలూ సంఘమూ తెలుసుకోవలసినవి

పన్నెండేళ్ళ కిందట మా సంఘంలో ఒక సహోదరుడు వరుసగా మూడు ఆదివారాలు సాక్ష్యం చెప్పాడు. మాట ఆగేది కాదు. తెల్లవార్లూ ప్రార్థనలో ఉంటున్నానన్నాడు, నూరు ఊళ్ళకు సువార్త తీసుకెళ్తానన్నాడు, సంఘానికి కొత్త సౌండ్ సిస్టమ్ కొనిచ్చాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆరాధన అయ్యాక ఆయన భార్య నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, ఆయన సరిగా నిద్రపోయి ఐదు రోజులైందండీ, నాకు భయమేస్తోంది" అంది. "దేవుడు వాడుకుంటున్నాడమ్మా, అడ్డుపడకు" అన్నాను. సెమినరీలో కౌన్సెలింగ్ చదువుకున్నవాణ్ణే. పది రోజులు తిరక్కుండా ఆయన్ని నలుగురు పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. సౌండ్ సిస్టమ్ కొన్న డబ్బు వాళ్ళమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకని దాచిందట. ఆ సంగతి మాకు అప్పుడు తెలిసింది.

ఆ దంపతులిద్దరూ సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

బైపోలార్ అంటే పొద్దున కోపం, సాయంత్రం సంతోషం కాదు. అది మనందరికీ ఉండేదే. ఇందులో మనిషి రోజుల తరబడి, వారాల తరబడి తన మామూలు స్వభావానికి దూరంగా వెళ్ళిపోతాడు. పై దశను మేనియా అంటారు. కనీసం వారం పాటు విపరీతమైన ఉత్సాహమో చిరాకో, తగ్గిన నిద్ర, ఆగని మాటలు, పెద్ద పెద్ద పథకాలు, చేతికి అడ్డులేని ఖర్చు కనిపిస్తాయి. ఇదే కాస్త తక్కువ తీవ్రతతో, నాలుగు రోజులైనా ఉంటే హైపోమేనియా. కింది దశ డిప్రెషన్. రెండు వారాలకు తక్కువ కాకుండా, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో దాదాపు 4 కోట్ల మంది ఈ జబ్బుతో ఉన్నారు. చాలామందికి ఇరవైల లోపో, ఇరవైలలోనో మొదలవుతుంది. అంటే మన ఇళ్ళలో సరిగ్గా సంబంధాలు చూసే వయసు. "పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు" అని దాచిపెట్టి చేసిన పెళ్ళిళ్ళకు ప్రార్థన చేసిన కాపరుల్లో నేనూ ఒకణ్ణి. పెళ్ళి దీనికి మందు కాదు. చెప్పి చేసిన పెళ్ళిళ్ళలో మాత్రం చక్కగా నిలబడినవి చూశాను.

భార్యగానీ భర్తగానీ చేయగలిగిన మొదటి సాయం, డాక్టరు ముందు సాక్షిగా నిలబడడం. రోగి సాధారణంగా దిగులు దశలోనే ఆసుపత్రికి వస్తాడు. ఉత్సాహంగా ఉన్నప్పుడు తనకు జబ్బుందని ఒప్పుకోడు కదా. ఆ వెనకటి సంగతి చెప్పకపోతే డాక్టరు మామూలు డిప్రెషన్ అనుకుని దాని మాత్రలు మాత్రమే రాయవచ్చు. బైపోలార్ ఉన్నవారిలో కొందరికి అవి ఒంటరిగా వాడితే మేనియా వస్తుంది. అందుకని ఒక చిన్న డైరీలో రోజూ ఎన్ని గంటలు నిద్రపోయారో, ఏ మాత్ర వేసుకున్నారో, ఏం మార్పు కనిపించిందో రాసుకోండి. రెండు లైన్లు చాలు.

అన్నిటిలోకీ ముందు చూడవలసింది నిద్ర. నిద్ర తగ్గడం మేనియా వస్తోందనడానికి గుర్తు మాత్రమే కాదు, మేనియాను తెచ్చే కారణం కూడా. మన సంఘాల్లో రాత్రి ప్రార్థనలు, మూడు రోజుల కూటాలు, తెల్లవారుజాము ఆరాధనలు ఎక్కువ. బైపోలార్ ఉన్న విశ్వాసి వాటికి రాకపోతే భక్తి తగ్గిందని ఎవరూ అనకూడదు. "రావద్దమ్మా, ఇంటికెళ్ళి పడుకోండి" అని కాపరే చెప్పాలి.

ఇక ఉపవాసం. బైపోలార్‌కు ఎక్కువగా వాడే మందుల్లో లిథియం ఒకటి. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ దీని ప్రభావాన్ని ప్రకటించాడు. ఇప్పటికీ దీనికి మంచి పేరుంది. ఆత్మహత్యల ముప్పును తగ్గిస్తుందని తేలిన మందు ఇది. కాకపోతే మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తపరీక్షలో లిథియం సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే ప్రమాదం. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. అంటే వేసుకునే మాత్ర అదే అయినా రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా చేసే ఉపవాసం, రెంటచింతల ఎండల్లాంటి ఎండలో పనిచేయడం, వాంతులు, విరేచనాలు, వీటిలో ఏదైనా అందుకు కారణం కావచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలతోనూ, కొన్ని బీపీ మాత్రలతోనూ ఇదే ఇబ్బంది. చేతులు బాగా వణకడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, తికమక కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు కూడా డాక్టరు చెప్పిన గడువుకు చేయించాలి.

"స్వస్థత వచ్చింది, మాత్రలు పారేయండి" అని వేదిక మీద నుంచి అనే బోధకుల గురించి ఒక్క మాటే చెప్తాను. ఆ తర్వాత ఆ ఇంట్లో రాత్రిళ్ళు మేలుకునేది వాళ్ళు కాదు.

జబ్బు భార్యకైతే గర్భం సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. అలాగని భయపడి మందులన్నీ ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమే. కాన్పు తర్వాతి వారాల్లో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆ రోజుల్లో రాత్రిపూట బిడ్డను భర్తో, అమ్మమ్మో, నాయనమ్మో చూసుకుని ఆమెను నిద్రపోనివ్వాలి. బాలింతకు ఇంతకంటే పెద్ద సేవ లేదు.

డబ్బు విషయం మామూలు రోజుల్లోనే మాట్లాడుకోవాలి. ఎక్కువ మొత్తం ఖర్చు చేయాలంటే ఇద్దరి సంతకం ఉండాలని, నిద్ర తగ్గిన వారంలో ఏటీఎం కార్డు, బండి తాళం రెండోవారి దగ్గర ఉండాలని ఇద్దరూ కలిసి రాసుకోవచ్చు. మేనియాలో ఉన్న మనిషితో వాదించి గెలవలేరు. కానీ బాగున్నప్పుడు తానే రాసిన కాగితం చూపిస్తే కొందరు వింటారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా ఇలాంటి వీలు కల్పించింది. జబ్బు ముదిరినప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలో తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి ఇవ్వవచ్చు. తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. ప్రార్థనా మందిరాలు నడిపేవారు ఇది గుర్తుంచుకోవాలి.

దిగులు దశ వేరు. ఇంట్లో గోల ఉండదు గనుక "తగ్గింది" అనుకుంటారు. ప్రాణానికి ఎక్కువ ముప్పు ఇక్కడే. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. పురుగుమందు ఇంట్లో ఉంచకండి, మాత్రలు మీ చేత్తో ఇవ్వండి, ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు ముందు దొరికింది నిద్ర, రొట్టె, నీళ్ళు. ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది. 1 రాజులు 19 తీసి ఆ వరుస చూడండి. మనం ముందు ప్రసంగం మొదలుపెడతాం.

మరి రెండోవారి సంగతి? తిట్లు పడి, అప్పులు తీర్చి, పిల్లలకు సర్దిచెప్పి, ఆదివారం నవ్వుతూ వచ్చి కూర్చునే మనిషి. వేలూరు సీఎంసీ మానసిక వైద్య విభాగంలో కుటుంబ సభ్యులు రోగితోపాటే ఉండి జబ్బు గురించి నేర్చుకునే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. మన దగ్గర అంత సమయం దొరికే ఆసుపత్రులు తక్కువ. ఎర్రగడ్డకో, విశాఖ మానసిక ఆసుపత్రికో వెళ్ళే రోజు సంఘం నుంచి ఒకరు తోడు వెళ్ళడం, పిల్లలకు అన్నం పెట్టడం, నెలకు ఒక్క రోజైనా ఆమెను పుట్టింటికి వెళ్ళి రమ్మని ఇంటిని మనం చూసుకోవడం, ఇవి చేయగలం. జబ్బు కొట్టే హక్కు ఇవ్వదు. చేయి లేస్తే పిల్లల్ని తీసుకుని భద్రమైన చోటికి వెళ్ళడం తప్పు కాదు, ప్రమాణం మీరడమూ కాదు. "సహించమ్మా" అనే ముందు ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందో అడగండి.

సౌండ్ సిస్టమ్ డబ్బు మేము తిరిగి ఇచ్చాం. కానుక వెనక్కి ఇవ్వడమేమిటని పెద్దల్లో ఇద్దరు ఒప్పుకోలేదు, ఎనిమిది నెలలు పట్టింది. అమ్మాయి ఒక ఏడాది ఆలస్యంగా కాలేజీలో చేరింది. ఆయన లిథియం వాడుతున్నాడు, మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది, ఉద్యోగం నిలిచింది. డిసెంబర్ 31 రాత్రి అందరూ గుడికి వచ్చే వేళకు వాళ్ళింట్లో దీపాలు ఆర్పేస్తారు. జనవరి 1 పొద్దున ఆరాధనకు ఇద్దరూ ముందే వచ్చి కూర్చుంటారు.