'సమరయుడు' అన్న మాట ఆయన నోట్లోంచి ఎందుకు రాలేదు?

ఈరోజు బైబిల్లోని ఒక చిన్న కథ, దాన్ని వేర్వేరు కాలాల్లో ఎలా చదివారో చూద్దాం.

ఉప్పల్ మెట్రోకి దగ్గరని నాచారంలో రూమ్ వెతికాను. టు-లెట్ బోర్డు చూసి గేటు కొడితే, ఓనర్ అంకుల్ రెంట్ చెప్పకముందే అడిగాడు: "మీరేమోళ్లు బాబు?" చెప్పాను. నవ్వి తాళం తీశాడు. నేనూ రూమ్ తీసుకున్నాను. ఆ రాత్రి లూకా సువార్త పదో అధ్యాయం గుర్తొచ్చింది.

కథ చాలామందికి తెలుసు. యెరూషలేము నుంచి యెరికోకి దాదాపు 1000 మీటర్లు కిందికి దిగే దారి. దొంగలు ఒకణ్ణి కొట్టి పడేశారు. యాజకుడు చూసి పక్కనుంచి వెళ్లిపోయాడు, లేవీయుడూ అంతే. ఒక సమరయుడు మాత్రం ఆగి, గాయాలకు కట్టు కట్టి, పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు.

సెయింట్ అగస్టీన్ (354–430) దీన్ని మా సాఫ్ట్‌వేర్ వాళ్ల లుకప్ టేబుల్ లాగా చదివాడు. దెబ్బలు తిన్నవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం. అన్నిటికీ ఒక్కో అర్థం.

1888లో జర్మన్ పండితుడు అడాల్ఫ్ యూలిషర్ పుస్తకం వచ్చింది. ఉపమానం కోడ్ కాదు, ఒక్క విషయం చెప్పే కథ అన్నాడు. ఈ కథనైతే 'ఇలా నడుచుకోండి' అని చూపే ఉదాహరణ అన్నాడు. అంటే, సాయం చెయ్యండి. అంతేనా?

1974లో అమెరికన్ పండితుడు రాబర్ట్ ఫంక్ ఇంకో ప్రశ్న వేశాడు: వినేవాడు కథలో ఎక్కడున్నాడు? దారిపక్కన పడి ఉన్నాడు. తరాలుగా అసహ్యించుకున్న మనిషే వచ్చి ముట్టుకుంటుంటే, కాదనే ఓపిక కూడా లేదు.

కథ చివర చూడండి. ఆ ముగ్గురిలో పొరుగువాడెవరని యేసు అడిగితే, ధర్మశాస్త్ర పండితుడు 'సమరయుడు' అనడు. జాలి చూపినవాడు అని తప్పించుకుంటాడు. ఆ కులం పేరు నోటికి రాలేదు అనిపిస్తుంది నాకు.

1812లో సేరంపూర్‌లో లూకా సువార్త తెలుగులో అచ్చయింది. 'సమరయుడు' అన్న పేరు మనకు వచ్చింది గానీ, ఆ పేరులోని చేదు రాలేదు. మనకది 'మంచివాడు' అన్న అర్థంలోనే మిగిలింది.

ఆ చేదు తెలుగులో ఎలా ఉంటుందో గుర్రం జాషువా చూపించారు. 1941 నాటి 'గబ్బిలం'లో, గుడిలోకి రానివ్వని మనిషి తన బాధను కాశీలోని శివుడికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు. గబ్బిలానికి గుడిలో అడ్డులేదు, మనిషికి ఉంది. దీనికి లుకప్ టేబుల్ అక్కర్లేదు, మనకు వెంటనే తగులుతుంది. ఆ జాషువాకే 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇప్పుడు ఆ కథను నాచారంలో చెప్పాలంటే, సమరయుడి చోట ఎవర్ని పెట్టాలి? అంకుల్ గేటు తియ్యని మనిషిని. నేను యాజకుణ్ణి. అడిగిన ప్రశ్నకు జవాబిచ్చి, తాళం తీసుకుని, పక్కనుంచి వెళ్లిపోయాను.

మీ గేటు దగ్గర ఏం జరిగిందో కామెంట్స్‌లో రాయండి.