కృష్ణవేణి, సి.

సినీ నటి, గాయని, నిర్మాత. 1924 డిసెంబరు 24న కొవ్వూరు దగ్గరి పంగిడిలో పుట్టారు. చిన్ననాటే నాటకాలు ఆడిన ఈమెను దర్శకుడు సి. పుల్లయ్య, పిల్లలే నటులుగా తీసిన 'సతీ అనసూయ' (1936)లో అనసూయను చేశారు. మీర్జాపురం రాజాతో పెళ్లయ్యాక ఆయన శోభనాచల స్టూడియో వ్యవహారాల్లోనూ పాలుపంచుకున్నారు.

ఈమె కీర్తికి మూలం 'మనదేశం' (1949). పాతికేళ్లు నిండకముందే, శరత్ 'విప్రదాస్' నవల ఆధారంగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ఈ చిత్రాన్ని నిర్మించి, కథానాయికగా నటించారు. పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషంతో ఎన్.టి. రామారావు తెరకెక్కింది ఇందులోనే. ఘంటసాలకు సంగీత దర్శకత్వం అప్పగించిందీ ఈమే. తెలుగు సినిమాపై ఇంత ప్రభావం చూపిన తొలి తరం నిర్మాత్రులు అరుదు. రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు. 2025 ఫిబ్రవరి 16న, నూరేళ్ల వయసులో హైదరాబాదులో మరణించారు.