కడిగిన చేతులే మళ్లీ

మా పెద్దమ్మది నెల్లూరు జిల్లా మైపాడు పక్క పల్లె. చేపలు కోసి లేచిందంటే బావి దగ్గర చేతులు కడుగుతూనే ఉండేది. ఇంట్లోవాళ్లు చాదస్తమన్నారు. దడ, గుబులు మొదలయ్యాక గాలి సోకిందన్నారు. జబ్బన్న మాట ఎవరి నోటా రాలేదు.

మద్రాసు రాజధాని రోజుల్లో మావాళ్లకు దగ్గర్లోని పిచ్చాసుపత్రి కీల్పాకే. 1794లో మద్రాసులో మొదలై, 1871లో అక్కడికి మారింది. ఆ గడప తొక్కితే పరువు పోతుందని భయం. అందుకే దర్గాకో, ఆశ్రమానికో నడిచేవారు. ఒక్క వెంకటాచలం మండలంలోనే కసుమూరు దర్గా ఉంది, గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమమూ ఉంది. 1982లో స్వామి సమాధి అయ్యాకా అక్కడ నిద్ర చేసేవాళ్లు తగ్గలేదు.

అక్కడ మేలు జరగలేదని నేననను. ఇల్లు మారుతుంది, వేళకు తిండి, చేతికేదో పని. 1919 ప్రాంతంలో జపాన్ వైద్యుడు షోమా మోరిటా చెప్పిందీ దాదాపు ఇదే: భయం పోయేదాకా ఆగకు, భయంతోనే పని చేసుకో. కాకపోతే లెక్క తప్పిందని ప్రదక్షిణలు మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు మొక్కే కొత్త చాదస్తమవుతుంది.

భయానికీ తంతుకూ మధ్య ఉన్న ఈ ముడిని పట్టుకున్నవాడు లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలోని విక్టర్ మేయర్. 1966లో ఇద్దరు రోగుల గురించి రాశాడు. వాళ్ల ఆలోచనతో వాదించలేదు, ఆ తర్వాత చేసే తంతును ఆపించాడు. నర్సులు పక్కనే కాపలా. కడుక్కోవడానికి నీళ్లే అందనివ్వలేదు. ఇప్పటి వైద్యం ఇంకాస్త మెత్తన. భయపడే వస్తువుల్ని తక్కువ భయం నుంచి ఎక్కువకు వరస పేర్చుకుంటారు. ముందు తలుపు గడియ ముట్టుకోవాలి, కడుక్కోకూడదు. గుబులు గొంతుదాకా వస్తుంది. కదలకుండా కూర్చుంటే, అలలాగే, కాసేపటికి దానంతటదే దిగుతుంది. రేపు మళ్లీ అదే గడియ. ఇంతకన్నా విసుగు పుట్టించే వైద్యం నేను చూడలేదు. పనిచేసేదీ ఆ విసుగే.

మన దేశంలో ఇలాంటి వైద్యానికి పెద్ద బడి బెంగళూరు నిమ్హాన్స్, 1974లో ఆ రూపం దాల్చింది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చింది. మందులు పల్లెలకు చేరినంతగా, పక్కన కూర్చుని గడియ ముట్టించే మనిషి చేరలేదు. 2022 అక్టోబరులో టెలి మానస్ అనే ఫోన్ సేవ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

అప్పటికి పెద్దమ్మ లేదు. వేళ్ల సందుల్లో తోలు ఊడితే కొబ్బరినూనె రాసేవాళ్లం. నూనె అంటిందని మళ్లీ బావి దగ్గరికి వెళ్లేది.