వృత్తిపరమైన క్యామ్‌కార్డర్

కెమేరాను, రికార్డరును ఒకే పెట్టెలో ఇమిడ్చిన పరికరాన్ని క్యామ్‌కార్డర్ అంటారు. ఆ రెండు పదాల కలయికతోనే ఈ పేరు ఏర్పడింది. వార్తా సేకరణ, డాక్యుమెంటరీ చిత్రాలు, పెళ్ళి వీడియోలు, సభల చిత్రీకరణ వంటి పనులను జీవనోపాధిగా చేసేవారు వాడే రకాలను వృత్తిపరమైన క్యామ్‌కార్డర్లు అని వ్యవహరిస్తారు. ఇంట్లో వాడుకొనే వాటికీ వీటికీ తేడా బొమ్మ నాణ్యతలో మాత్రమే లేదు. ఫోకస్, ఐరిస్, జూమ్‌లను చేతితో తిప్పటానికి విడివిడి వలయాలు, ఎండ తీవ్రతను తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు, బయటి మైకులు తగిలించటానికి ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు, గంటల తరబడి ఆగకుండా రికార్డు చేయగల సామర్థ్యం వీటి ముఖ్య లక్షణాలు.

చరిత్ర

1970లలో టెలివిజన్ వార్తల కోసం ఒకరు కెమేరాను భుజాన మోస్తే, మరొకరు బరువైన రికార్డరును మోసేవారు. రెండింటినీ ఒక కేబులు కలిపేది. 1982లో సోనీ సంస్థ అర అంగుళం వెడల్పు గల టేపును వాడే బీటాక్యామ్‌ను విడుదల చేయటంతో ఈ జంట నడక అవసరం లేకుండా పోయింది. దాని తరువాత 1986లో బీటాక్యామ్ ఎస్‌పీ, 1993లో డిజిటల్ బీటాక్యామ్ వచ్చాయి. ఇవి చాలా ఖరీదైనవి కావటంతో టెలివిజన్ సంస్థలకే పరిమితమయ్యాయి.

సామాన్య వీడియోగ్రాఫరుకు డిజిటల్ బొమ్మను అందుబాటులోకి తెచ్చినది 1995లో వచ్చిన డీవీ పద్ధతి. ఆ ఏడాది విడుదలైన సోనీ వీఎక్స్1000లో మూడు సీసీడీలు ఉండేవి. ఫైర్‌వైర్ తీగ ద్వారా టేపులోని బొమ్మను నాణ్యత తగ్గకుండా కంప్యూటర్‌లోకి తీసుకొనే వీలు కూడా కలిగింది. 2002లో పానసోనిక్ డీవీఎక్స్100 సెకనుకు 24 ఫ్రేములు తీయగలగటంతో తక్కువ పెట్టుబడి చిత్రాలు తీసేవారికి ఎంతో ఇష్టమైనదయింది. 2003లో సోనీ ఎక్స్‌డీక్యామ్ డిస్కును, 2004లో పానసోనిక్ పీ2 కార్డును ప్రవేశపెట్టాయి. 2011 మార్చిలో జపాన్‌లో వచ్చిన భూకంపం, సునామీల వల్ల సెండాయ్ ప్రాంతంలోని సోనీ టేపుల కర్మాగారం దెబ్బతిని హెచ్‌డీక్యామ్ ఎస్ఆర్ టేపులకు కొరత ఏర్పడింది. టేపును వదలటానికి అప్పటివరకూ వెనుకాడినవారిని ఈ సంఘటన తొందరపెట్టింది.

సెన్సర్ రకాలు

కటకం గుండా వచ్చిన కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే సిలికాన్ ఫలకమే సెన్సర్. ఇందులో సీసీడీ, సీమాస్ అని రెండు ప్రధాన రకాలున్నాయి.

సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనుగొన్నారు. ఇందుకు 2009లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. స్లాబు వేసేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలను చేతులు మార్చినట్లు, సీసీడీలో ప్రతి పిక్సెల్ తనలో పోగయిన విద్యుదావేశాన్ని పక్క పిక్సెల్‌కు అందిస్తుంది. చివరన ఉన్న యాంప్లిఫయరు దానిని కొలుస్తుంది. క్యామ్‌కార్డర్లలో వాడిన సీసీడీలు ఫ్రేము మొత్తాన్ని ఒకే క్షణంలో పట్టుకొంటాయి. అయితే చీకటిలో వాహనం హెడ్‌లైటు వంటి తీవ్రమైన వెలుగు ఎదురైతే బొమ్మలో పైనుండి కిందికి తెల్లని నిలువు చార కనిపిస్తుంది. దీనిని స్మియర్ అంటారు.

సీమాస్ సెన్సర్‌లో ప్రతి పిక్సెల్‌కూ సొంత యాంప్లిఫయరు ఉంటుంది. విద్యుత్తు తక్కువ ఖర్చవుతుంది, నిలువు చారలు రావు, పెద్ద పరిమాణంలో తయారుచేయటం చౌక. కొత్తగా వచ్చే క్యామ్‌కార్డర్లన్నీ దాదాపు ఈ రకానివే. సీసీడీల తయారీని నిలిపివేయనున్నట్లు సోనీ సంస్థ 2015లో ప్రకటించింది.

సీమాస్‌కు ఒక ముఖ్యమైన లోపం ఉన్నది. సాధారణ రకాలు ఫ్రేమును ఒక్కసారిగా కాక, పై వరుస నుండి కింది వరుస వరకు ఒకదాని తరువాత ఒకటిగా చదువుతాయి. దీనిని రోలింగ్ షట్టర్ అంటారు. కదిలే రైలులోనుండి చూసిన కరెంటు స్తంభాలు ఇందువల్లనే ఒరిగినట్లు కనిపిస్తాయి. తెలుగువారి పెళ్ళిళ్ళను తీసేవారికి దీనికంటే ఫ్లాషు వల్ల కలిగే చిక్కు పెద్దది. జీలకర్ర-బెల్లం పెట్టే ముహూర్త క్షణంలోనూ, మంగళసూత్రధారణ సమయంలోనూ ఫొటోగ్రాఫర్ల ఫ్లాషులు ఎడతెరిపి లేకుండా వెలుగుతాయి. ఫ్లాషు వెలుగు సెకనులో సుమారు వెయ్యోవంతు కాలమే ఉంటుంది. ఆ సమయంలో కొన్ని వరుసలకే ఆ వెలుగు అందినందున ఫ్రేములో సగం తెల్లగా, సగం మామూలుగా వస్తుంది. సీసీడీలో ఫ్రేమంతా సమంగా వెలగటంతో చూసేవారికి అది ఫ్లాషుగానే తోస్తుంది. ఆ క్షణాన్ని మళ్ళీ తీయటం కుదరదు కనుక, కొనబోయే కెమేరాతో ఫ్లాషు వెలుగులో కొంతసేపు తీసి చూసుకోవటం మంచిది. ఫ్రేమంతటినీ ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్ గల సీమాస్‌లు కూడా ఉన్నాయి. 2012లో ప్రకటించిన సోనీ ఎఫ్55 అటువంటిది. వీటి ధర ఎక్కువ.

మూడు సెన్సర్లు, ఒకే సెన్సర్: కొన్ని కెమేరాలలో కటకం వెనుక ఉన్న పట్టకం కాంతిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులుగా విడదీసి మూడు సెన్సర్లకు పంపుతుంది. ఒకే సెన్సర్ గల వాటిలో పిక్సెళ్ళపై రంగు ఫిల్టర్లు గళ్ళుగా అమర్చి ఉంటాయి. కోడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరుమీద ప్రసిద్ధమైన ఈ అమరికలో సగం గళ్ళు ఆకుపచ్చవి, పావువంతు ఎరుపువి, పావువంతు నీలివి. ప్రతి పిక్సెల్‌కూ లోపించిన రెండు రంగులను కెమేరా చుట్టుపక్కల గళ్ళను బట్టి లెక్కగడుతుంది.

పరిమాణం: సెన్సర్ల కొలతలు కొనేవారిని తికమకపెడతాయి. 2/3 అంగుళం సెన్సర్ కర్ణం నిజానికి 11 మిల్లీమీటర్లే. 1/3 అంగుళం సెన్సర్ కర్ణం 6 మిల్లీమీటర్లు. పాతకాలపు విడికాన్ గాజు గొట్టాల వెలుపలి వ్యాసాన్ని బట్టి పెట్టిన పేర్లు గొట్టాలు పోయినా మిగిలిపోయాయి. పెద్ద సెన్సర్ తక్కువ వెలుతురులో బాగా పనిచేస్తుంది, ముఖం వెనుక ఉన్న దృశ్యాన్ని మసకగా చూపుతుంది. అందుకే సూపర్ 35 పరిమాణానికి సినిమా తీసేవారిలో ఆదరణ ఎక్కువ. కానీ ఊరేగింపులోనో, సభలోనో ఒక్కడే కెమేరా పట్టుకొని పరుగెత్తే మనిషికి ఆ మసకే శత్రువు, ఎందుకంటే ఫోకస్ క్షణక్షణానికీ తప్పిపోతుంది. పైగా పెద్ద సెన్సర్‌కు 20 రెట్ల జూమ్ కటకం చేయాలంటే అది మోయలేనంత పెద్దదవుతుంది. ఇటువంటి పనులకు చిన్న సెన్సర్, పొడవైన జూమ్ గల క్యామ్‌కార్డరే అనుకూలం.

రికార్డింగు పద్ధతులు

ఎంపీ4, ఎంఓవీ, ఎంఎక్స్‌ఎఫ్ అనేవి బొమ్మను, ధ్వనిని కలిపి ఉంచే సంచుల వంటివి మాత్రమే. బొమ్మను ఎలా కుదించారన్నది కోడెక్‌ను బట్టి ఉంటుంది. ఒకే ఎంపీ4 పేరుతో ఉన్న రెండు ఫైళ్ళ నాణ్యతలో ఎంతో తేడా ఉండవచ్చును.

కుదింపు రెండు విధాలు. డీవీ, ప్రోరెస్ వంటివి ప్రతి ఫ్రేమునూ విడిగా కుదిస్తాయి. హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీ వంటివి కొన్ని ఫ్రేములను గుంపుగా తీసుకొని, ఒకటి పూర్తిగా ఉంచి, మిగతా వాటిలో మారిన భాగాన్నే నమోదు చేస్తాయి. రెండవ పద్ధతిలో స్థలం ఆదా అవుతుంది, కానీ ఎడిటింగులో కంప్యూటరుకు శ్రమ ఎక్కువ. హెచ్‌డీవీ టేపు మీద చిన్న లోపం ఉన్నా ఒక ఫ్రేము కాక దాదాపు అర సెకను బొమ్మ పోయేది.

డీవీలో బొమ్మకు సెకనుకు 25 మెగాబిట్లు ఖర్చవుతాయి. 2003లో వచ్చిన హెచ్‌డీవీ 1080 గీతల బొమ్మను కూడా అదే 25 మెగాబిట్లలో ఇమిడ్చింది. 2006 నాటి ఏవీసీహెచ్‌డీ మొదట గరిష్ఠంగా 24 మెగాబిట్లు వాడేది. ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ422లో ఇది 50 మెగాబిట్లు. 50 మెగాబిట్ల చొప్పున ఒక గంటకు సుమారు 22.5 గిగాబైట్లు, 100 మెగాబిట్ల చొప్పున 45 గిగాబైట్లు కావాలి. తెల్లవార్లూ సాగే పెళ్ళికి కార్డులు ఎన్ని పట్టుకెళ్ళాలో ఈ లెక్కతోనే తేల్చుకోవాలి.

రంగుల నమోదును 4:2:2, 4:2:0 అనే అంకెలతో సూచిస్తారు. మనిషి కన్ను వెలుగునీడల తేడాను గమనించినంత నిశితంగా రంగును గమనించదు. అందుచేత 4:2:2లో రంగు వివరాలను అడ్డంగా సగానికి, 4:2:0లో అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గిస్తారు. చూడటానికి తేడా తెలియకపోయినా, ఆకుపచ్చ తెర ముందు తీసి వెనుక మరో దృశ్యం అతికించేటప్పుడు 4:2:0లో జుట్టు అంచులు చెదిరిపోతాయి. అలాగే 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 స్థాయిలు, 10 బిట్లలో 1024 స్థాయిలు ఉంటాయి. సాయంకాలపు ఆకాశాన్ని 8 బిట్లలో తీసి తరువాత రంగులు ఎక్కువగా మారిస్తే మెట్లుమెట్లుగా చారలు వస్తాయి.

ఎంపికలో గమనించవలసినవి

తీసినది ఎవరికి అందించాలో ముందుగా తెలుసుకోవాలి. టెలివిజన్ సంస్థలు తమకు కావలసిన పద్ధతిని నిర్దేశిస్తాయి. భారతదేశంలో టెలివిజన్ ప్రమాణం సెకనుకు 25 ఫ్రేములు, విద్యుత్తు 50 హెర్ట్జ్. ఇక్కడి దీపాల కింద సెకనుకు 30 లేదా 60 ఫ్రేములు తీస్తే బొమ్మ రెపరెపలాడవచ్చును. షట్టరును 1/50 లేదా 1/100 వద్ద ఉంచితే ఇది చాలావరకు తగ్గుతుంది. అమెరికా నుండి బంధువులు తెచ్చిన పాత కెమేరాలలో కొన్నింటికి 25 ఫ్రేముల సదుపాయమే లేదు.

వీడియో తీయగల స్టిల్ కెమేరాలు 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 తరువాత క్యామ్‌కార్డర్లకు పోటీ అయ్యాయి. వాటి బొమ్మ అందమైనదే. కానీ వాటిలో చాలా రకాలు 30 నిమిషాలలోపే ఆగిపోయేవి. వీడియో కెమేరాలపై ఐరోపా సమాఖ్య విధించే సుంకాన్ని తప్పించుకోవటం ఇందుకు ఒక కారణం. ఉపన్యాసం మధ్యలో కెమేరా ఆగినట్లు గమనించని పక్షంలో ఆ భాగం పోయినట్లే.

రెండు కార్డులలో ఒకేసారి రికార్డు చేసే సదుపాయం ఉన్నదానిని ఎంచుకోవటం ఉత్తమం. కార్డును కాపీ చేసేటప్పుడు వీడియో ఫైళ్ళను మాత్రమే ఏరుకోకుండా మొత్తం ఫోల్డరును యథాతథంగా తీసుకోవాలి. కొన్ని కెమేరాలు పెద్ద ఫైలును 4 గిగాబైట్ల ముక్కలుగా చేసి, వాటిని కలిపే వివరాలను వేరే ఫైళ్ళలో ఉంచుతాయి. కార్డును చెరిపే ముందు కనీసం రెండు చోట్ల నకళ్ళు ఉండాలి.

మినీడీవీ టేపుల మీద ఉన్న 2000ల నాటి చిత్రీకరణలకు మరొక ప్రమాదం ఉన్నది. వాటిని ఆడించే యంత్రాలు ఇప్పుడు తయారుకావటం లేదు, కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ సాకెట్లూ ఉండటం లేదు. గంట టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించటానికి గంట సమయం, సుమారు 13 గిగాబైట్ల స్థలం అవసరం. పనిచేసే పాత క్యామ్‌కార్డర్ దగ్గరున్నవారు దానిని అమ్మేముందు తమ టేపులన్నింటినీ ఎక్కించుకోవాలి.