వించ్‌లో నిలిపే విద్య

బురదలో దిగబడ్డ జీపును వించ్ బయటికి లాగుతుంటే అందరి చూపూ మోటారు మీదే. వించ్ చరిత్ర తిరగేస్తే మాత్రం, లాగడం కన్నా లాగినదాన్ని నిలపడమే ఇంజనీర్లను ఎక్కువ కష్టపెట్టిందని తెలుస్తుంది.

తెరచాప ఓడల మీద లంగరు లేపడానికి నావికులు గెడలు పట్టుకుని క్యాప్‌స్టన్ అనే నిలువు డ్రమ్మును తిప్పేవారు. అడుగున పళ్ల మీద వాలే ఇనుప నాలుకలు దాన్ని వెనక్కి తిరగనిచ్చేవి కావు. పైకి లాగినంతసేపూ అవి చాలు. దించాలంటే నాలుక ఎత్తాలి. ఎత్తాక బరువంతా మనుషుల చేతుల మీదే. పట్టు తప్పితే గెడలు గిర్రున తిరిగి మనుషులను పడగొట్టేవి.

ఈ చిక్కును విప్పిన ఉపాయానికి 19వ శతాబ్దపు ఇంజనీరు థామస్ ఆల్‌డ్రిడ్జ్ వెస్టన్ పేరు నిలిచింది. ఇరుసు మీద మర, మర మీద గేరు, రెంటి మధ్య రాపిడి బిళ్లలు, వాటి నడుమ పళ్ల చక్రం. లాగేటప్పుడు మర బిగిసి అన్నీ కలిసి తిరుగుతాయి, నాలుక టకటకమంటూ పళ్లు దాటుతుంది. తిప్పడం ఆపగానే బరువు వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడే మరను ఇంకా బిగిస్తుంది, పళ్ల చక్రాన్ని నాలుక పట్టేస్తుంది. బరువు పెరిగేకొద్దీ పట్టూ పెరుగుతుంది! దించడానికి వెనక్కి తిప్పితే మర రవ్వంత వదులవుతుంది, బరువు కొద్దిగా జారి మరను మళ్లీ బిగిస్తుంది. ఇంత తెలివైన బ్రేకు మరొకటి నాకు కనిపించదు. మన షెడ్లలో ఇంజన్లు దించే చైన్ పుల్లీలో చప్పుడు చేసేదీ ఇదే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు జీఎంసీ ట్రక్కులు కొన్నింటికి ముందు భాగాన 10,000 పౌండ్లు లాగగల వించ్ ఉండేది. ఇంజను శక్తితో, వార్మ్ గేరుతో నడిచేది. వార్మ్ అనే మర లాంటి ఇరుసు పళ్ల చక్రాన్ని తిప్పగలదు, చక్రం వార్మ్‌ను తేలిగ్గా తిప్పలేదు. అయినా దానికి తోడు వేరే బ్రేకు పెట్టారు. క్లచ్ విడదీస్తే తాడు చుట్టుకునే డ్రమ్ము గేర్ల నుంచి వేరవుతుంది, తాడును చేత్తోనే లాక్కుపోవచ్చు. ఫ్రీ స్పూల్ అంటే ఇదే. డ్రమ్ము అదుపు తప్పి తిరిగితే తాడు చిక్కుపడుతుంది కనుక దాన్ని కాస్త ఒరుసుకుంటూ ఉండే చిన్న బ్రేకు కూడా అమర్చారు.

తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. 1974లో వచ్చిన వార్న్ కంపెనీ 8274 వించ్ మామూలు పళ్ల గేర్లది. అవి వెనక్కి సులువుగా తిరుగుతాయి కాబట్టి వెస్టన్ తరహా బ్రేకు తప్పనిసరైంది. ఆ బ్రేకు డ్రమ్ము బయట ఉండేది. నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే ప్లానెటరీ రకం పొట్టి వించ్‌లలో చోటు కోసం బ్రేకును డ్రమ్ములోకే తోశారు. అక్కడే కొత్త బాధ మొదలైంది. బరువుతో ఉన్న తాడును మోటారుతో వదులుతుంటే బ్రేకు రాపిడికి డ్రమ్ము కాలిపోతుంది. ఉక్కు తాడు తట్టుకుంటుంది. ఇప్పటి పాలిథిలీన్ తాడు సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, బలం అంతకు చాలా ముందే తగ్గుతుంది. అందుకే కొందరు తయారీదారులు బ్రేకును మళ్లీ డ్రమ్ము బయటికి తెచ్చారు.

ఇలాంటి ప్లానెటరీ వించ్‌లలో ఫ్రీ స్పూల్ మీట తిప్పితే గేర్ల చుట్టూ ఉండే రింగు గేరుకు పట్టు వదులుతుంది. డ్రమ్ము స్వేచ్ఛగా తిరుగుతుంది, మోటారూ బ్రేకూ కదలవు. అప్పుడు బరువును ఆపేది ఏదీ ఉండదు. కాబట్టి తాడు బిగువుగా ఉండగా ఆ మీటను ముట్టుకోకండి. ఖాళీ తాడును మోటారుతో కాక ఫ్రీ స్పూల్‌లోనే వదలండి. లాగడం మొదలుపెట్టే ముందు మీట గేర్లు పట్టే వైపుకు పూర్తిగా పడిందో లేదో చూసుకోండి.